కుంచె విడువని చేయి
(చిత్రకారుడు రెన్వార్ జీవితము)

గ్రంథాలయమునకు వచ్చు పాఠకులు మహాపురుషుల చరిత్రములను ఆసక్తితో చదువుదురు. రాజ్యములు గెలిచినవారు, ధర్మమును బోధించినవారు, దేశము కొరకు చెరసాలలకు పోయినవారు ఆ గ్రంథములందు మనకు దర్శనమిత్తురు. వారిని బాధించిన శత్రువు తరచుగా బయటనుండి వచ్చినవాడు. కాని బయటనుండి రాని శత్రువు ఒకటి కలదు. అది మనిషి కీళ్లలోనే కాపురముండి, నేడు వ్రేలిని, రేపు మోకాలిని, ఎల్లుండి భుజమును తన వశము చేసికొనును. దానితో పోరాటము ఒకనాటితో ముగియదు. ప్రతి ఉదయమును అది మరల మొదలగును. నిన్నటికన్న నేడు మన బలము కొంచెము తక్కువగా నుండును. అట్టి వ్యాధితో పాతికేండ్లకు పైగా జీవించి, తన వృత్తిని తుది దినముల వరకు విడువని ఒక చిత్రకారుని చరిత్రమును ఈ రజతోత్సవ సంచికయందు పాఠకులకు వినిపింపదలచితిమి. ఆయన ఫ్రాన్సు దేశీయుడు. పేరు పియేర్ ఓగుస్త్ రెన్వార్.

రెన్వార్ 1841వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదీన లిమోజ్ అను పట్టణమున జన్మించెను. తండ్రి దర్జీ, తల్లియు కుట్టుపని చేయునదే. బిడ్డలు పలువురు, రాబడి కొంచెము. బ్రతుకుతెరువు వెదకికొనుచు ఆ కుటుంబము పారిస్ నగరమునకు తరలివచ్చునప్పటికి బాలునికి మూడు నాలుగేండ్లు మాత్రమే. వారు లూవ్రు రాజప్రాసాదమునకు సమీపమున ఒక పాత ఇరుకు వీధియందు కాపురముండిరి. ఆ ప్రాసాదములో లోకప్రసిద్ధమైన చిత్రశాల కలదు. పేద దర్జీ కుమారుడు దాని గోడల నీడలలో ఆడుకొనెను. ఈ సంగతిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. కథ చివర మరల దాని అవసరము కలుగును.

పదమూడేండ్ల ప్రాయమున తండ్రి ఆ బాలుని పింగాణి పాత్రలపై బొమ్మలు వ్రాయు కార్ఖానాలో పనికి కుదిర్చెను. లిమోజ్ పట్టణము పింగాణికి పేరుపొందినది కావున ఆ వృత్తి వారికి పరాయిది కాదు. బాలుడు మొదట పూలదండలు వ్రాసెను; చేయి కుదిరిన పిమ్మట మనుష్యుల ముఖములు వ్రాయసాగెను. కొన్ని సంవత్సరములకు యంత్రముతో పాత్రలపై బొమ్మలు ముద్రించు పద్ధతి వచ్చి, చేతితో వ్రాయు పనివారి నోటికడి తీసివేసెను. మన నేతగాండ్రు మిల్లుబట్ట వలన ఎట్టి కష్టమును చవిచూచిరో ఆ పింగాణి పనివారును అట్టి కష్టమునే చవిచూచిరి. రెన్వార్ విసనకర్రలపై బొమ్మలు వ్రాసియు, కిటికీ తెరలపై బొమ్మలు వ్రాసియు కాలక్షేపము చేసెను. తాను కళాకారుడనన్న గర్వము కన్న తాను చేతిపనివాడనన్న అభిమానమే ఆయనకు జీవితాంతము మిక్కుటముగా నుండుటకు ఈ బాల్యమే కారణము.

ఆ సంపాదనలో కూడబెట్టుకొన్న ధనముతో 1862లో ఆయన పారిస్‌నందలి లలితకళల పాఠశాలలో చేరి, గ్లేర్ అను గురువు వద్ద చిత్రలేఖనము నేర్చెను. అచ్చట మొనే, సిస్లీ, బజీల్ అను మువ్వురు యువకులు మిత్రులైరి. దీపపు వెలుతురున గదులలో కూర్చుండి పురాణపురుషుల చిత్రములు వ్రాయుట కన్న, ఆరుబయట ఎండలో నిలిచి కంటికి కనుపించు వెలుగును, నీటి తళుకును, ఆకుల నీడను పట్టి కాన్వాసుపై పెట్టవలెనని వారి పట్టుదల. పట్టుదల గొప్పదే కాని, దానికి ఆకలి తీర్చు శక్తి లేదు. 1869లో మొనే కుటుంబము తిండిలేక అల్లాడుచున్న దినములలో రెన్వార్ తన తల్లిదండ్రుల ఇంటినుండి రొట్టె తెచ్చి వారికి ఇచ్చెను. రంగులు కొనుటకు డబ్బులేక ఇరువురును పని నిలిపివేసిన దినములును కలవు. 1870లో జర్మనులతో యుద్ధము వచ్చినప్పుడు రెన్వార్‌ను సైన్యములో చేర్చుకొనిరి. అచ్చట ఆయన తీవ్రముగా జబ్బుపడి బ్రతికి బయటపడెను. బజీల్ మాత్రము ఆ యుద్ధమునందే ప్రాణములు కోల్పోయెను.

1874లో ఈ మిత్రులును మరికొందరును కలసి, ప్రభుత్వ ప్రదర్శనముతో నిమిత్తము లేకుండ, తమ చిత్రములను తామే ప్రదర్శించిరి. చూడవచ్చినవారు నవ్విరి. ఒక పత్రికా విమర్శకుడు వారిని ఎగతాళి చేయుచు ఇంప్రెషనిస్టులని పేరు పెట్టెను. అనగా పూర్తి రూపము వ్రాయనేరక, కంటికి తోచిన ఛాయ మాత్రము పూసి విడుచువారని భావము. ఆ వెక్కిరింపు పేరే నేడు లోకమంతట గౌరవనామమైనది. 1876లో రెన్వార్ వ్రాసిన నృత్యవినోద చిత్రము, 1881లో పూర్తిచేసిన నౌకావిహారుల విందు చిత్రము ఆయన కీర్తిని చిరస్థాయిగా నిలిపినవి. మొదటిది పారిస్ నగరమునను, రెండవది అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరమునను కలవు. ఆ చిత్రములలో రాజులు లేరు, దేవతలు లేరు. సెలవునాడు ఆడి పాడి, తిని త్రాగి, ముచ్చటలాడుకొను సామాన్యజనులు కలరు. చెట్ల ఆకుల సందుల జారిన ఎండ వారి బట్టలపై మచ్చలు మచ్చలుగా పడియుండును.

డ్యురాన్ ర్యుయేల్ అను వర్తకుడు చిత్రములను కొని అమ్ముచుండుటచే క్రమముగా ఇంటికి రాబడి వచ్చెను. 1890లో ఆయన అలీన్ అను గ్రామీణ యువతిని వివాహమాడెను. వారికి పియేర్, జాన్, క్లోద్ అను మువ్వురు కుమారులు. యాబది ఏండ్లు నిండునాటికి కష్టములు తీరినవి, పేరు వచ్చినది, ఇల్లు నిండినది. సరిగా అప్పుడే వ్యాధి తొంగిచూచెను.

1892 ప్రాంతమున కీళ్లలో నొప్పులు మొదలైనవి. 1897లో భార్య పుట్టినిల్లయిన ఎస్వా గ్రామమున ఆయన సైకిలుపై పోవుచు జారిపడి కుడిచేయి విరుగగొట్టుకొనెను. అంతకు పూర్వము 1880లో ఒకసారి కుడిచేయి విరిగినప్పుడు ఎడమచేతితో చిత్రములు వ్రాసినవాడు గావున, ఈ పర్యాయమును అట్లే గడిపెను. ఎముక అతుకుకొనెను. కాని ఆ పిమ్మట నొప్పులు ఉధృతమైనవి. ఇంటివారు ఆ పడుటయే సర్వమునకు మూలమని తలచిరి. ఆయన ఛాయాచిత్రములను, ఉత్తరములను పరిశీలించిన తరువాతి వైద్యులు మాత్రము అది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అను వ్యాధియని నిర్ణయించిరి.

మన గ్రామములలో కీళ్లనొప్పి యన్నింటికిని కీళ్లవాతమని ఒకే పేరు పెట్టుదుము. ముసలితనమున కీలు అరిగి నొప్పిపుట్టుట ఒకటి. ఈ వ్యాధి వేరొకటి. శరీరమును కాపాడవలసిన వ్యాధినిరోధక శక్తియే దారితప్పి కీళ్ల లోపలి పొరపై దాడిచేయును. ఆ పొర వాచి, కీలుయందలి మెత్తని ఎముకను, దాని క్రింది గట్టి ఎముకను కొరికివేయును. కీలును బిగించి పట్టు పట్టీలు సడలి వ్రేళ్లు ఒక ప్రక్కకు ఒరిగిపోవును. తరచుగా రెండు చేతులకును ఇది సమముగా వచ్చును. ఉదయమున నిద్రలేచినప్పుడు కీళ్లు చాలసేపు బిగుసుకొని యుండును. నేడు దీనిని అదుపులో నుంచు మందులు కలవు. అట్టి లక్షణములు కనుపించినవెంటనే వైద్యుని వద్దకు పోయి, ఆలస్యము లేక చికిత్స పొందినవారికి చేతులు వంకరపోకుండ చాలవరకు కాపాడవచ్చును. రెన్వార్ కాలమున ఆ మందులు లేవు. వేడినీటి ఊటల వద్ద స్నానములు చేయుట, నొప్పి తగ్గించు కొలది మందులు మ్రింగుట, ఓర్చుకొనుట, ఇంతే యుండెను.

ఆయన మొదట ఓర్చుకొని కూర్చుండలేదు. చేతులు బిగుసుకొనకుండ ప్రతిదినము ఉదయమున, కుంచె పట్టుటకు ముందు, మూడు చిన్న తోలు బంతులను గాలిలోనికి ఎగురవేసి పట్టుకొనుచు గారడివానివలె సాధన చేసెను. బంతి క్రిందపడినచో వంగి తీసికొనవలెను. ఆ వంగుటయును ఒక సాధనయే. కొంతకాలమునకు వ్రేళ్లు బంతిని పట్టుటకు నిరాకరించెను. అప్పుడు త్రాటికి కట్టిన గుండును కర్ర మొనపై నిలుపు పిల్లల ఆటవస్తువును తీసికొనెను. అదియు సాగక పోయినప్పుడు నున్నగా చెక్కిన చిన్న కొయ్యముక్కను ఎగురవేసి, గుండ్రముగా త్రిప్పి, చేతులు మార్చుచు పట్టుకొనసాగెను. చివరకు అదియును చేజారెను. కుమారుడు జాన్ తండ్రిని గూర్చి 1962లో ప్రచురించిన గ్రంథమున ఈ సంగతులన్నియు వ్రాసియున్నాడు. ఈ సాధనలు వ్యాధిని ఆపలేకపోయినవి. ఒకటి పోయినప్పుడు దానికన్న సులువైన మరొకదానిని వెదకికొనుట మాత్రము ఆయన మానలేదు.

కాళ్ల సంగతియు అట్లే జరిగెను. మొదట ఒక చేతికర్ర, పిమ్మట రెండు, ఆ పిమ్మట చంకకర్రలు, తుదకు చక్రాల కుర్చీ. చలి ఆయనకు పడదు గావున కుటుంబము ప్రతి శీతకాలమున దక్షిణ ఫ్రాన్సుకు పోవుచుండెను. అచ్చట సముద్రతీరమునకు సమీపమున కాన్య అను ఊరు కలదు. దాని ప్రక్కన లే కొలెత్ అను తోట యుండెను. అందు శతాబ్దముల వయస్సుగల ఆలివ్ చెట్లు కలవు. మానులు మెలికలు తిరిగి, బుడిపెలు కట్టి, లోపల తొఱ్ఱలు పడి, అయినను ఏటేట చిగురించి కాయలు కాయుచున్న చెట్లవి. ఆ తోటను కొని చెట్లను నరికింపనున్నారని తెలిసి, రెన్వార్ 1907లో దానిని తానే కొనెను. చెట్లు బ్రతికినవి. మరుసటి యేడు అచ్చట ఇల్లు కట్టించెను. ఎండ బాగుగా ప్రవేశించునట్లు తోటలో అద్దముల గోడలుగల చిన్న పనిశాలను కట్టించుకొనెను. గాలియు చలియు తగులకుండ, ఆరుబయటి వెలుతురు మాత్రము కాన్వాసుపై పడునట్లు దాని ఏర్పాటు.

1912లో జరిగిన ఒక సంఘటన ఈ చరిత్రమంతటికిని కీలకము. అప్పటికి ఆయనకు డెబ్బదియొక్క సంవత్సరములు. నడచుట నిలిచిపోయి కొంతకాలమైనది. మిత్రులు ఒక ప్రసిద్ధ వైద్యుని తోడ్కొని వచ్చిరి. ఆయన రోగిని తప్పక నడిపింతునని ధైర్యము చెప్పి, బలవర్ధకమైన ఆహారనియమముతో చికిత్స ఆరంభించెను. కొన్ని వారములకు రెన్వార్‌కు ఓపిక కొంత మెరుగయ్యెను. ఒకనాడు వైద్యుడు వచ్చి ఆయనను కుర్చీనుండి లేపి నిలువబెట్టి చేతులు వదలెను. ఇంటివారందరు ఊపిరి బిగబట్టి చూచుచుండిరి. ఆయన ఒక అడుగు వేసెను, మరియొకటి వేసెను. చిత్రఫలకము చుట్టును తిరిగి మరల కుర్చీ వద్దకు చేరెను. చూచువారికి అది మహాద్భుతముగా నుండెను. కాని రెన్వార్, నిలుచుండియే, ఇక నడువనని వైద్యునికి తెలిపెను. ఆ కొలది అడుగులకు తనలోని మనోబలమంతయు ఖర్చగుచున్నదనియు, చిత్రము వ్రాయుటకు ఇక ఏమియు మిగులదనియు, నడక, చిత్రలేఖనము అను రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనవలసి యున్నచో తాను చిత్రలేఖనమునే ఎన్నుకొందుననియు ఆయన భావము. అంతట కుర్చీలో కూర్చుండెను. ఆ తరువాత మరెన్నడును నడువలేదు.

పాఠకులు ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపవలెను. అవయవములు చెడినవారి కథలు చెప్పునప్పుడు మనము సాధారణముగా నడువలేనివాడు నడచెననియు, పట్టుదలతో వ్యాధిని జయించెననియు వినగోరుదుము. అట్లు జయింపలేనివానికి పట్టుదల చాలలేదని లోలోపల తలంతుము కూడ. ఆ తలంపు న్యాయము కాదు. రెన్వార్‌కు నడచు అవకాశమే వచ్చినది. ఆయన దానిని కాదనెను. అది ఓటమి కాదు, లెక్క. తనవద్ద మిగిలిన ధనమెంతయో తెలిసిన గృహస్థు దానిని దేనికి ఖర్చుచేయవలెనో నిర్ణయించుకొన్నట్లు, మిగిలిన బలమెంతయో ఎరిగి, దానిని దేనికి వినియోగింపవలెనో ఆయన తానే నిర్ణయించుకొనెను. వైద్యుడు కాని, మిత్రులు కాని, వ్యాధి కాని ఆ నిర్ణయము చేయలేదు. మనిషి గౌరవము ఆ నిర్ణయాధికారమునందు కలదు కాని, రెండు కాళ్లపై నిలుచుటయందు లేదు.

అటుపిమ్మట ఆయన దినచర్య ఎట్లుండెనో వినుడు. రాత్రులు మిక్కిలి కష్టముగా గడచుచుండెను. దుప్పటి బరువైనను కాళ్లు ఓర్వలేకుండెను. ఉదయమున ఇంటివారు లేపి, శుభ్రము చేసి, చక్రాల కుర్చీలో కూర్చుండబెట్టుదురు. బాగుగ నున్న దినములలో కుర్చీని బొంగులకు కట్టి పల్లకీవలె తోటలోనికి మోసికొని పోవుదురు. వ్రేళ్లు అరచేతిలోనికి ముడుచుకొని పోయి గోళ్లు చర్మమును కోయుచుండుటచే, అరచేతిలో పొడి చల్లి పలుచని గుడ్డపట్టీ చుట్టుదురు. కుంచెను చేతికి కట్టించుకొని వ్రాసెడివాడని లోకములో ఒక కథ వ్యాపించినది. అది సరికాదు. గుడ్డ చర్మమును కాపాడుటకే. కుంచెను ఆయన ముడుచుకొన్న వ్రేళ్ల నడుమ ఇంటివారు ఇరికింతురు, ఆయన దానిని తానే పట్టుకొని వ్రాయును. 1915లో సాషా గిత్రీ అను నాటకకర్త ఆయన పనిచేయుచుండగా తీసిన చలనచిత్రము నేటికిని కలదు. ఆ వంకర చేయి కాన్వాసుపై చురుకుగా కదలుట అందు చూడవచ్చును.

మాటిమాటికి కుంచె మార్చుట బాధాకరము గనుక ఆయన ఒక కుంచెతోనే చాలసేపు వ్రాయును. రంగు మార్చవలసి వచ్చినప్పుడు దానిని టర్పెంటైనులో ముంచి కడుగుకొనును. చేయి పైకి లేవదు గావున, పెద్ద చిత్రములకు కాన్వాసును మగ్గము దోనెకు వస్త్రము చుట్టినట్లు దొర్లుడు కొయ్యలకు చుట్టించి, పిడి త్రిప్పినచో వ్రాయవలసిన భాగము తన చేతి యెత్తునకు వచ్చునట్లు ఏర్పాటు చేయించెను. చేయి చిత్రము వద్దకు పోలేనప్పుడు చిత్రమునే చేతివద్దకు రప్పించెనన్నమాట. ఈ యుపాయములలో గొప్ప యంత్రశాస్త్రమేమియు లేదు. ఏది పోయినదో దానికై ఏడ్చుట మాని, ఏది మిగిలినదో దానికి తగినట్లు పనిముట్టును మార్చుకొనుటయే అందలి రహస్యము. మన వడ్రంగులు, కుమ్మరులు వృద్ధాప్యమున చేయుచుండునదియు ఇదియే.

1913లో వొల్లార్ అను వర్తకుడు శిల్పములు చేయవలసినదిగా ఆయనను ప్రోత్సహించెను. కుంచె పట్టుటయే కష్టమైనవాడు మట్టిని ఎట్లు పిసుకగలడు? రిషార్ గీనో అను యువశిల్పి తోడు వచ్చెను. రెన్వార్ కుర్చీలో కూర్చుండి, తన చిత్రములను చూపుచు, చేతికర్రతో ఇచ్చట తగ్గింపుము, అచ్చట పెంచుమని సూచించుచుండగా, గీనో మట్టిని మలచుచుండెను. ఇట్లు కొన్ని సంవత్సరములు వారు కలసి పనిచేసిరి. ఆ శిల్పములు చాలకాలము రెన్వార్ పేరననే చెలామణి యయ్యెను. తుదకు గీనో న్యాయస్థానము నాశ్రయించగా, 1973లో ఫ్రాన్సు ఉన్నత న్యాయస్థానము ఆయనను సహకర్తగా స్థిరపరచెను. ఇతరుల చేతులతో పనిచేయించుకొనుటలో అవమానము లేదు. ఆ చేతుల పేరు మరచుటయందు మాత్రము అన్యాయము కలదు. ఆ అన్యాయము ఆలస్యముగానైనను దిద్దబడినది.

ఆ మాటకు వచ్చినచో, రెన్వార్ చుట్టును ఎన్ని చేతులు పనిచేసినవో మనము మరువరాదు. భార్య అలీన్ ఇంటిని నడిపెను. ఆమె బంధువైన గబ్రియేల్ ఇంటికి వచ్చి బిడ్డలను పెంచి, చిత్రములకు ఎదుట కూర్చుండి, రంగులు సిద్ధపరచి, చేతికి కుంచె అందించి సుమారు ఇరువది సంవత్సరములు సేవచేసెను. వంటవారు, కుర్చీ త్రోయువారు, మోయువారు కలరు. చిత్రముల రాబడి యుండుటచే ఈ సహాయము సాధ్యమైనది. పేదరికమున ఇట్టి వ్యాధి వచ్చినవాని కష్టము ఇంతకు పదిరెట్లని చెప్పనక్కరలేదు. ఆయన దోషములు లేని మహర్షియు కాడు. యూదులను గూర్చియు, స్త్రీల విద్యను గూర్చియు ఆయన అభిప్రాయములు సంకుచితములు. వానిని మనము మెచ్చవలసిన పనిలేదు. ఆయనయందు మనము నేర్వదగినది కార్యదీక్షయే.

1914లో ప్రపంచయుద్ధము వచ్చెను. పెద్ద కుమారులిద్దరును యుద్ధభూమిలో గాయపడిరి. పియేర్‌కు చేయి చెడెను, జాన్‌కు కాలు. అలీన్ అప్పటికే మధుమేహముతో బాధపడుచున్నది. అయినను ఆమె దూరప్రయాణము చేసి ఆసుపత్రిలోనున్న జాన్‌ను చూచి వచ్చి, 1915 జూన్‌లో మరణించెను. నడువలేని వృద్ధుడు, చేయి చెడిన కుమారుడు, కుంటుచున్న కుమారుడు, ఇంకను బాలుడైన క్లోద్: ఇట్టిది ఆ యింటి స్థితి. జాన్ స్వస్థపడుచు తండ్రి కుర్చీ ప్రక్కన కూర్చుండి ఆయన పూర్వకథలు వినుచుండెను. తరువాత వ్రాసిన గ్రంథమునకు ఆ సంభాషణలే మూలము. ఈ జాన్ తదనంతరము సుప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడై, మన దేశమునకు వచ్చి, వంగదేశమున గంగాతీరమున ఒక చిత్రము తీసెను. అది 1951లో విడుదలయ్యెను. తండ్రి వెలుగును కాన్వాసుపై పట్టెను. కుమారుడు మన నది వెలుగును ఫిల్ముపై పట్టెను.

భార్య పోయిన పిమ్మటను రెన్వార్ కుంచె విడువలేదు. విశేషమేమనగా, ఆయన శరీరము ఎంత శుష్కించుచుండెనో, చిత్రములలోని మనుష్యులు అంత పుష్టిగా, అంత ఎఱ్ఱని కాంతితో వెలుగజొచ్చిరి. నొప్పిని గూర్చి, మృత్యువును గూర్చి ఆయన ఒక చిత్రమైనను వ్రాయలేదు. పూలు, పండ్లు, పిల్లలు, స్నానము చేయు స్త్రీలు, ఆలివ్ చెట్లు, ఇవియే విషయములు. 1917 చివర మతీస్ అను చిత్రకారుడు తొలిసారి ఆ తోటకు వచ్చి వృద్ధుని దర్శించెను. అప్పటికే ప్రసిద్ధుడైన మతీస్ ఆ పిమ్మటను పలుమార్లు వచ్చి, తన చిత్రములను చూపి, ఆయన అభిప్రాయము గైకొనుచుండెను. 1918, 1919 సంవత్సరములలో రెన్వార్ ఒక గొప్ప స్నానదృశ్యమును వ్రాసెను. దాని వెడల్పు 160 సెంటీమీటర్లు, ఎత్తు 110 సెంటీమీటర్లు. భుజము ఎత్తలేని మనిషి వ్రాసిన చిత్రమిది! 1923లో కుమారులు దానిని ఫ్రాన్సు ప్రభుత్వమునకు సమర్పించిరి; పారిస్ నగరమున ఓర్సే చిత్రశాలయందు నేడు దానిని చూడవచ్చును.

పనిని గూర్చిన ఆయన గౌరవమునకు ఇంకొక నిదర్శనము కలదు. చెన్నినో చెన్నిని అను ప్రాచీన ఇటలీ చిత్రకారుడు రంగులు నూరుట, పూతలు పూయుట మొదలైన పనులను గూర్చి వ్రాసిన గ్రంథము ఫ్రెంచిభాషలో మరల ప్రచురింపబడినప్పుడు, రెన్వార్ దానికి పీఠిక వ్రాసెను. చేతిపనివాని ఓర్పునకును, వృత్తియందలి శ్రద్ధకును అందు ఆయన పెద్దపీట వేసెను. పింగాణి కార్ఖానాలోని పదమూడేండ్ల పిల్లవాడు డెబ్బది యేండ్ల వృద్ధునిలో ఇంకను బ్రతికియే యుండెను.

1919లో, మరణమునకు కొలది నెలల పూర్వము, ఆయన చిత్రము లూవ్రు చిత్రశాలయందు ఉంచబడెను. అధికారులు ఆయనను ఆహ్వానించిరి. చక్రాల కుర్చీలో కూర్చుండబెట్టి, మహారాజును ఊరేగించినట్లు, ఆయనను ఆ మందిరములగుండ తీసికొని పోయిరి. యౌవనమున తాను నిలిచి నేర్చుకొన్న వెరోనెసె మహాచిత్రమును ఆయన మరల కన్నులార చూచెను. ఏ ప్రాసాదపు గోడల ప్రక్కన దర్జీ కొడుకు ఆడుకొనెనో, ఆ ప్రాసాదమున ఆయన చిత్రమునకు స్థానము లభించెను. నడచి రాగలిగిన బాలునికి అప్పుడు అచ్చట స్థానము లేదు. నడువలేని వృద్ధునికి ద్వారములు తెరువబడెను.

ఆ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన కాన్య గ్రామమున రెన్వార్ తన డెబ్బది యెనిమిదవ యేట దేహము చాలించెను. చివరి దినమునను రంగులు, కుంచెలు తెప్పించుకొని, ఇంటి పరిచారిక కోసి తెచ్చిన పూలను వ్రాసెనని కుమారుడు వ్రాసియున్నాడు. ఆయన సమాధి ఎస్వా గ్రామమున కలదు. లే కొలెత్ గృహము 1960 నుండి ప్రదర్శనశాలగా నున్నది. అచ్చట ఆయన కుర్చీని, పనిశాలను చూపుదురు. ఆయన కాపాడిన ఆలివ్ చెట్లు ఆ తోటయందు ఇప్పటికిని నీడనిచ్చుచున్నవి.

ఈ చరిత్రము మనకు తెలుపునదేమి? పట్టుదల యున్నచో ప్రతి వ్యాధియు లొంగునని కాదు. రెన్వార్ వ్యాధి ఒక్కదినమైనను లొంగలేదు. వ్యాధి తీసికొనిపోవుదానిని తీసికొనిపోనిచ్చి, మిగిలినదానికి తానే యజమానియై యుండుట ఆయన సాధించిన విజయము. మన యిండ్లలోను, వీధులలోను కాలు చేయి క్రమక్రమముగా స్వాధీనము తప్పుచున్నవారు కలరు. వారిని చూచి మనము జాలిపడుదుము. మంచమునొద్దకు భోజనము చేర్చి మన ధర్మము తీరెనని తలంతుము. వారికి కావలసినది భోజనము మాత్రమే కాదు, పని. వారు ఏ పని చేయగోరుచున్నారో అడిగి, దానికి వలసిన పనిముట్టును చేతికందునట్లు అమర్చి, కుర్చీ మోయవలసినచో మోసి, చదువగోరువారికి గ్రంథమును ఇంటికి చేర్చి, కన్ను ఆననివారికి చదివి వినిపించినచో, అది దయ కాదు, తోడు. రెన్వార్ చేతికి ప్రతి ఉదయమును ఎవరో ఒకరు కుంచె అందించిరి. వ్రాసినది ఆయన, కాని అందించిన చేయి లేనిదే ఆ చిత్రములు లేవు.

వ్యాధితో నున్నవారు ఈ కథనుండి ధైర్యమును, ఆరోగ్యముతో నున్నవారు తమ కర్తవ్యమును గ్రహింతురు గాక.